కోటయ్య చేలోకి వచ్చిన పంది

మొన్నటిదాకా ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. మా ఆవిడకు కూడా. ఏడెనిమిదేళ్లుగా లోపలే పెట్టుకుని మోస్తున్నాను. మొదట్లో రోజూ గుర్తొచ్చేది. తరువాత ఎప్పుడో ఒకసారి. ఈమధ్య మళ్లీ రోజూ గుర్తొస్తోంది. వయసు మీద పడేకొద్దీ మతిమరుపు వస్తుందంటారు గానీ, మరిచిపోవాలని మనం కోరుకునే వాటికి ఆ సదుపాయం లేనట్టుంది. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీతో అయితే మొదటి నుంచి చివరిదాకా చెప్పగలననిపించింది. తెలిసిన ముఖం ఎదురుగా ఉంటే నేను మాట మార్చేస్తాను. నా సంగతి నాకు తెలుసు.

నేను జంతుశాస్త్రం చెప్పే లెక్చరర్ని. అప్పట్లో పిడుగురాళ్ల దాటాక ఒక చిన్న టౌనులో, ప్రైవేటు కాలేజీలో పనిచేసేవాణ్ణి. అద్దెలు తక్కువని పక్కనున్న పల్లెలో కాపురం పెట్టాం. చుట్టూ నల్లరేగడి. పత్తి, మిరప, మధ్యమధ్య మొక్కజొన్న. మిరపకాయలు కల్లాల్లో ఆరబోసే రోజుల్లో మా ఆవిడ పొద్దస్తమానం తుమ్ముతూనే ఉండేది. ఊరికి అవతల వాగు, వాగు వెంట ముళ్ల చిల్లచెట్లు, ఆ చెట్లలో అడవి పందులు. మొక్కజొన్న కండెలు పాలు పోసుకునే వేళకు దిగేవి. తినేది తక్కువ, తొక్కేది ఎక్కువ. మిరప తినవు గానీ వానపాముల కోసం సాళ్లు పెళ్లగించి, డ్రిప్పు పైపులు తెంపి పోయేవి.

రైతులు చేయని ప్రయత్నం లేదు. సెలూన్ల నుంచి కత్తిరించిన జుట్టు తెచ్చి గట్ల మీద చల్లేవాళ్లు. మైకులో కుక్కల అరుపులు పెట్టేవాళ్లు. పాత చీరలు కొనుక్కొచ్చి చేను చుట్టూ కర్రలకు కట్టేవాళ్లు. రంగురంగుల చీరలు గాలికి ఊగుతుంటే మనిషి ఉన్నాడనుకుని పంది పక్కకు తప్పుకుంటుందని నమ్మకం. కొన్నాళ్లు తప్పుకుంటుంది కూడా. ఈ చీరల సంగతి గుర్తుపెట్టుకోండి, నేను పెట్టుకోలేదు.

నాకు ఒక స్నేహితుడు రెండు ట్రాప్ కెమెరాలు ఇచ్చాడు. చెట్టుకు కట్టి వదిలేస్తే, ముందు ఏదైనా కదిలినప్పుడు దానంతటదే ఫొటో తీసుకునే పెట్టె అది. ఎన్ని పందులు వస్తున్నాయో, ఎంతెంతవో చూద్దామని మొదలుపెట్టాను. సరదాకే. బరువు చెప్పడానికి నా పద్ధతి నాకుండేది. పందులు నడిచే దారిలో ఒక సర్వి కర్ర పాతి, దానికి జానెడుకొకటి చొప్పున సున్నపు పట్టీలు వేసేవాణ్ణి. పంది కర్ర పక్కగా పోతున్నప్పుడు దాని వీపు ఏ పట్టీకి వచ్చిందో ఫొటోలో చూస్తే ఎత్తు తెలిసిపోతుంది. ఎత్తునుబట్టి ఛాతీ చుట్టుకొలత, చుట్టుకొలతనుబట్టి బరువు. పశువుల డాక్టర్లు గేదెకు టేపు చుట్టి చెప్పే లెక్కే. పందికి టేపు చుట్టే ధైర్యం లేక నేను కర్ర పాతాను, అంతే తేడా.

ఇందులో ఒక మెలిక ఉంది. ఎత్తు కొద్దిగా తప్పితే బరువు చాలా తప్పుతుంది. ఎత్తు రెట్టింపయితే బరువు రెట్టింపు కాదు, ఎనిమిది రెట్లవుతుంది. ఈ సూత్రం నేను పిల్లలకు బోర్డు మీద గీసి మరీ చెప్పేవాణ్ణి. అర్థం కానివాణ్ణి నిలబెట్టేవాణ్ణి కూడా.

మొదట్లో ఒక ఆడపంది బావిలో పడి చచ్చింది. అంతకుముందే నా ఫొటోలో పడిన పంది అది. ఊళ్లోవాళ్లు దాన్ని పైకి లాగి, పత్తి తూచే కాటాకు వేలాడదీసి తూచారు. నేను చెప్పిన బరువుకు ఒకటి రెండు కిలోలు అటూఇటుగా వచ్చింది. ఆ రోజు నుంచి నేను పందుల సారునైపోయాను. టీ బంకు దగ్గర కూర్చుంటే "మా బావమరిది ఎంతుంటాడో చెప్పండి సార్" అని ఆట పట్టించేవాళ్లు. పైకి చిరాకు పడేవాణ్ణి. లోపల ఎంత బాగుండేదో. పాతికేళ్లు పాఠం చెబితే రాని గుర్తింపు పంది వల్ల వచ్చింది. నవ్వుకోండి, తప్పులేదు.

కోటయ్యది కౌలు సేద్యం. వాగు పక్కన మొక్కజొన్న, దాన్ని ఆనుకుని మిరప. వాళ్లక్క రమణమ్మ అదే ఊళ్లో ఉండేది. తల్లి చిన్నప్పుడే పోతే కోటయ్యను చంకనెత్తుకుని పెంచింది ఆవిడే. భర్త పోయాక ఒక గేదెను మేపుకుంటూ నాలుగిళ్లకు పాలు పోసేది. ఆ నాలుగిళ్లలో మాదొకటి. పాలు కొలిచాక "పాప సన్నబడింది" అంటూ మా అమ్మాయి గ్లాసులో ఇంకాస్త ఒంపేది. తమ్ముడి పేరు ఎత్తకుండా ఆవిడ రెండు మాటలు మాట్లాడటం నేను వినలేదు.

కోటయ్య చేను గట్టు మీది తుమ్మచెట్టుకు ఒక కెమెరా కట్టాను. ఎదురుగా కొంత దూరంలో నా కర్ర. ఒక పెద్ద వాన పడి వెలిసిన తరువాత చూస్తే ఒక ఫొటో దొరికింది. ఒక్క పంది. మెడ మీద వెంట్రుకలు నిక్కబొడుచుకుని ఉన్నాయి. వెనక కర్ర కనిపిస్తోంది. పంది వీపు నేనెప్పుడూ చూడనంత పై పట్టీ దగ్గర ఉంది. లెక్క వేశాను. రెండు క్వింటాళ్లకు దగ్గరగా వచ్చింది. మా వైపు పంది అంత పెరగదు. ఆ మాట నాకు ఆ క్షణంలో తట్టలేదా? తట్టింది. తట్టినా పక్కకు తోశాను. ఇంత పంది నా కెమెరాలో పడిందన్న సంబరం ముందు ఆ అనుమానం ఎంత?

టీ బంకు దగ్గర చూపించాను. నోళ్లు తెరిచారు. విలేకరి ఒకాయన వచ్చి ఫొటో తీసుకుపోయాడు. పేపర్లో జిల్లా పేజీలో వచ్చింది, రెండు క్వింటాళ్ల అడవి పంది అని. కింద నా పేరు, నా చదువు. మా ప్రిన్సిపాల్ స్టాఫ్‌రూమ్‌లో అందరి ముందూ చదివాడు. ఇక ఊళ్లో నోటికొక మాట. దాని కోరలు కొడవళ్లంత ఉన్నాయని ఒకడు, ట్రాక్టరుకు ఎదురొచ్చిందని ఒకడు. గోరంతను కొండంత చేయడానికి మా ఊరికి నా సాయం అక్కర్లేదు గానీ, ఆ గోరంత కూడా నేనే ఇచ్చాను.

తరువాత బ్యాటరీలు మార్చడానికి మధ్యాహ్నం ఎండలో కోటయ్య చేలోకి వెళ్లాను. కోటయ్య లేడు. అక్కడ చూశాను. పంది రాకముందే వాళ్లు చీరల కంచె కట్టారు. కట్టేటప్పుడు నా కర్ర కూడా పనికొచ్చిందని, దానికీ ఒక చీర ముడివేసి కంచెలో కలిపేసుకున్నారు. అంటే పంది ఆ కర్ర దగ్గరకు పోయే అవకాశమే లేదు. చీరను చూసి బెదిరి ఇవతలికి జరిగింది. ఎంత ఇవతలికి? చెట్టు మొదలు దాకా. వాన వెలిశాక నల్లరేగడి బురద ఆరి గట్టిపడింది. గిట్టల గుర్తులు ముద్ర కొట్టినట్టు ఉన్నాయి. కెమెరా ముందు నుంచి, చేతికందే దూరంలో, ఒకటే వరస. కర్ర వైపు ఒక్క గుర్తూ లేదు.

దగ్గరగా ఉన్నది పెద్దదిగా కనపడుతుంది. చంటిపిల్లలకు కూడా తెలిసిన విషయం. నేను కెమెరాకు ఆనుకుని పోయిన పందిని, దూరంగా ఉన్న కర్రతో కొలిచాను. ఫొటోలో వెలిసిన గుడ్డలా ఉన్నది చీర అని కూడా చూడలేదు. అక్కడే చెట్టు కింద కూర్చుని గిట్ట గుర్తులు కొలిచి, మళ్లీ లెక్క వేశాను. డెబ్బై కిలోలు. మహా అయితే ఇంకో ఐదు. ప్రతి ఏడూ వచ్చే పందుల్లాంటిదే, రేకుడబ్బా మోగిస్తే తోక ముడుచుకుని పోయేది.

ఇంతవరకూ జరిగింది పొరపాటు. ఎవరికైనా జరుగుతుంది. ఇంతటితో ఆగి, నేరుగా టీ బంకు దగ్గరకు వెళ్లి, "ఒరేయ్ అబ్బాయిలూ, నేను బోల్తా కొట్టాను" అని ఉంటే ఒక వారం నవ్వేవాళ్లు. అంతకంటే ఏమయ్యేది? ప్రిన్సిపాల్ మొహం గుర్తొచ్చింది. పేపర్లో నా పేరు గుర్తొచ్చింది. బోర్డు ముందు నేను నిలబెట్టిన పిల్లలు గుర్తొచ్చారు. నేను లేచి, ఆ గిట్టల గుర్తుల మీద చెప్పులతో నడిచాను. ఒక్కొక్కటే. గట్టిపడ్డ మట్టి కదా, సులభంగా చెరగలేదు, మడమతో నలపాల్సి వచ్చింది. చీర ముడి విప్పి నా కర్ర పీకేసి, వాళ్ల కంచెకు ఒక పుల్ల పాతి చీర దానికి కట్టాను. ఎవరూ చూడలేదు. అనుకోకుండా చేశానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అనుకోకుండా చేసేవాడు మడమతో నలపడు.

ఆ సాయంత్రమే కోటయ్య మా ఇంటికి వచ్చాడు. చెప్పులు మెట్ల దగ్గర విడిచి, రమ్మన్నా లోపలికి రాకుండా గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"ఒక్క మాట అడిగిపోదామని వచ్చా సార్."

"చెప్పు కోటయ్యా."

"మా ఆవిడ నన్ను మంచె ఎక్కనివ్వట్లేదు. అంత పంది వచ్చి మంచె గుంజని ఒక్క గుద్దు గుద్దితే చస్తావ్ అంటంది. నేనేమో ఎప్పుడూ లాగే డబ్బా కొట్టుకుంటా, రెండు టపాకాయలు పేల్చుకుంటా ఉండొచ్చులే అనుకుంటన్నా. నిజంగా అది అంతుంటదా సార్? ఫొటోలో ఏమన్నా తేడా పడుద్దా?"

ఇంత సూటిగా అడిగాడు. దేవుడు మనిషికి తప్పు దిద్దుకునే అవకాశం ఇస్తాడంటారు. ఇంతకంటే ఎలా ఇస్తాడు? గుమ్మం ముందు నిలబెట్టి, జవాబు కూడా నోటికి అందించాడు. "పడుతుంది" అంటే చాలు. ఒక్క మాట. నా చెప్పులకు ఇంకా ఆ మట్టి ఉంది.

"ఫొటో అబద్ధం చెబుతుందా కోటయ్యా?" అన్నాను.

"అంటే మంచె మీద ఉండటం మంచిది కాదంటారు."

"ప్రాణం కంటే పంట ఎక్కువా? ఆపైన నీ ఇష్టం."

"సరే సార్. ఏదో ఒకటి చూసుకుంటాలే," అని చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయాడు.

ఏదో ఒకటి అంటే ఏమిటో నాకు తెలియదా? మా వైపు మంచె ఎక్కనివాడు చేసే పని ఒకటే. మోటారు దగ్గర నుంచి కరెంటు లాగి, చేను చుట్టూ తీగ కడతాడు. నేరం. అందరికీ తెలుసు. అందుకే ఎవరికీ చెప్పరు. నాకు ఆ ఆలోచన వచ్చింది, రాగానే టీవీ సౌండు పెంచాను.

కొద్దిరోజులకే జరిగింది. తెల్లవారుతుండగా రమణమ్మ గేదెకు పచ్చగడ్డి కోద్దామని తమ్ముడి చేను గట్టు మీదకు వెళ్లింది. పొద్దున్నే తీగ తీసేద్దామనుకున్న కోటయ్యకు ఆ రోజు మెలకువ రాలేదు. గడ్డి కోస్తుంటే కొడవలి తీగకు తగిలింది. కేక విని మోటారు షెడ్డులో పడుకున్న కోటయ్య లేచి కరెంటు ఆపాడు. ప్రాణం దక్కింది. కుడి చెయ్యి దక్కలేదు. గుంటూరు ఆసుపత్రిలో మోచేతి దాకా తీసేశారు.

కోటయ్య మీద కేసయింది. అక్క చెయ్యి పోగొట్టినవాడన్న పేరు పడింది. "ఒళ్లు బద్ధకం, మంచె మీద మేలుకోలేక తీగ పెట్టాడు" అని అదే టీ బంకు దగ్గర అనుకున్నారు. నేను అక్కడే కూర్చుని ఉన్నాను. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు నా చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. "వాడు బద్ధకస్తుడు కాదు, భయపడ్డాడు, ఆ భయం నేను పెట్టింది" అనాల్సింది. టీ తాగి లేచాను.

ఆసుపత్రి నుంచి వచ్చాక రమణమ్మ మా ఇంటికి వచ్చింది. పాలు ఇంకెవరి దగ్గరైనా చూసుకోమని చెప్పడానికి. గేదెను అమ్మేశానంది. వెళ్తూ వెళ్తూ ఆగి, "మా తమ్ముడు మీరు చెప్పబట్టే భయపడ్డానంటున్నాడు, నిజమేనా సారూ?" అని అడిగింది. నిందించడానికి కాదు. తమ్ముడి మాట నిజమని ఎవరైనా అంటే బాగుండునన్నట్టు అడిగింది. ఇప్పుడు అర్థమవుతోంది. అప్పుడు నేను ఏమన్నానో తెలుసా? "అంచనా చెప్పాను గానీ, కరెంటు పెట్టమని నేను చెప్పలేదమ్మా." అక్షరం అబద్ధం లేదు అందులో. ఆవిడ తల ఊపి, ఎడమచేత్తో గేటు గడియ పెట్టి వెళ్లిపోయింది.

కోటయ్య ఊరు విడిచి పిడుగురాళ్ల సున్నం బట్టీల్లో పనికి చేరాడు. అక్క ఇంటి గడప తొక్కలేదు. ఆవిడ కబురు పెట్టినా రాలేదట. ఏ మొహం పెట్టుకుని రావాలి అన్నాడట. మేము ఆ తరువాతి ఏడాదే ఒంగోలు వచ్చేశాం. మంచి కాలేజీ దొరికిందని అందరికీ చెప్పాను. తేలు కుట్టిన దొంగ ఊళ్లో ఎంతకాలం ఉంటాడు?

ఇన్నేళ్లలో నా తరఫున నేను చాలా వాదించుకున్నాను. తీగ కట్టింది వాడు. తప్పని తెలిసే కట్టాడు. నేను నిజం చెప్పినా కట్టి ఉండేవాడేమో. కట్టకపోయి ఉండేవాడేమో. ఈ రెండో మాట దగ్గరకు వచ్చేసరికి నా లోపలి లాయరు నోరు మూసుకుంటాడు. కట్టాలనుకున్నవాడు నన్ను అడగడానికి ఎందుకొస్తాడు? వాడికి మంచె మీద ఉండాలనే ఉంది. భార్యకు చెప్పడానికి ఒక మాట కావాలి. ఆ మాట నా దగ్గర ఉంది, నేను ఇవ్వలేదు.

మొన్న ఆ ఊళ్లో ఒక పెళ్లికి వెళ్లాల్సి వచ్చింది. భోజనాలయ్యాక కాళ్లు వాటంతటవే రమణమ్మ ఇంటివైపు పోయాయి. వాకిట్లో కూర్చుని మిరపకాయలకు తొడిమలు తీస్తోంది. కుడి మోచేతి మొండిని తొడకు అదిమి, దాని కింద కాయను నొక్కిపెట్టి, ఎడమచేత్తో తొడిమ తుంచుతోంది. నన్ను చూసి లేవబోయింది. వద్దన్నాను. కుర్చీ వెయ్యబోయింది. వద్దన్నాను. ఆవిడ ఎదురుగా నేల మీద కూర్చుని చెప్పేశాను. కర్ర, చీర, గిట్టల గుర్తులు, మడమతో నలిపింది, కోటయ్య గుమ్మం ముందు నిలబడి అడిగింది, అన్నీ.

ఆవిడ చేస్తున్న పని ఆపలేదు. తిడుతుందేమో అనుకున్నాను. తిట్టాలని కోరుకున్నాను కూడా. ఏడుస్తుందేమో అనుకున్నాను. ఇంకో కాయ తొడిమ తుంచి అడిగింది.

"ఈ మాట వాడికి చెప్పారా?"

"లేదు."

"మరి నాకెందుకు చెబుతున్నారు? నా చెయ్యి ఎట్టాగూ రాదు. వాడు నా మొహం చూసి ఇన్నేళ్లయింది. పోయి వాడికి చెప్పండి."

అంతే. ఇంక నా వైపు చూడలేదు. క్షమించానని అనలేదు, క్షమించనని కూడా అనలేదు. నేను ఆవిడకు ఏం ఇవ్వాలో చెప్పింది, అంతవరకే.

రోడ్డు మీదకు వచ్చి నిలబడ్డాను. పిడుగురాళ్ల బస్సు వచ్చింది. కండక్టరు తలుపు తీసి పట్టుకుని "ఎక్కుతారా సార్" అన్నాడు. ఎక్కలేదు. తరువాత వచ్చిన నరసరావుపేట బస్సెక్కి, అక్కడ మారి ఒంగోలు వచ్చేశాను. చూశారా, ఆవిడ అంత చెప్పాక కూడా నేను చేసిన పని అది.

అందుకే మీకు రాస్తున్నాను. రాసి ఎవరి చేతిలోనైనా పెడితే, వెనక్కి తీసుకోవడం కుదరదని. ఇంతవరకు రాసేసరికి గుండెలో ఏదో సడలింది. సడలడానికి నాకేం అర్హత ఉందో తెలియదు. అయినా సడలింది, దాచడం ఎందుకు. రేపు పొద్దున బయలుదేరుతాను. మా ఆవిడకు ఈ కాగితాల నకలొకటి ఇచ్చి, చదవమని చెప్పి మరీ వెళతాను. బట్టీ దగ్గర వాణ్ణి పక్కకు పిలిచి ఎలా మొదలుపెట్టాలా అని ఇన్నాళ్లూ వెతుక్కున్నాను. ముందుమాటలు ఏవీ అక్కర్లేదని ఇప్పుడు తెలుస్తోంది.

కోటయ్యా, నీ చేలోకి వచ్చింది మామూలు పంది. నువ్వు నన్ను అడగడానికి వచ్చేసరికే ఆ సంగతి నాకు తెలుసు.